పది ఎర్రలు

మా నాయన కదిరప్ప జన్మలో ఎవరితోనూ పందెం కాయలేదు. కాసింది ఒక్కటే, అదీ నాతో. ఆ పందెం నేనే గెలిచాను. గెలిచి నాలాగా ఏడ్చిన మనిషి ఇంకొకరు ఉండరు.

పందెం ఇది. మా మూడెకరాల ఎర్రనేలలో నేను చూపించిన చోట అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు తవ్వాలి. ఆ మట్టిలో పది వానపాములు కనపడాలి. మా వైపు వాటిని ఎర్రలంటాం. పది ఎర్రలు కనపడితే నాయన అద్దాల కంపెనీ కాగితాల మీద వేలిముద్ర వెయ్యడు. కనపడకపోతే వేస్తాడు. గడువు శివరాత్రి మరునాడు.

అద్దాల కంపెనీ అంటే సోలారు కంపెనీ. గార్లదిన్నె దాటి మా ఊరి దోవ పట్టారంటే ఇప్పటికే సగం చేలు వాళ్ల కిందే కనపడతాయి. కౌలు ఇరవై తొమ్మిదేళ్లకు రాసుకుంటారు. ముద్ర పడిన వారానికే జేసీబీ వచ్చి గట్లు చదును చేస్తుంది, ఇనుప గుంజలు దిగుతాయి, చుట్టూ కంచె పడుతుంది. నాకిప్పుడు ముప్పై ఎనిమిది. ఆరేళ్లు మొగుడితో వేగి, వదిలించుకుని ఈ నేల మీదికి వచ్చాను. సేద్యం తప్ప ఇంకో పని రాదు, నేర్చుకునే ఓపికా లేదు. ఇరవై తొమ్మిదేళ్ల తర్వాత నేల తిరిగి చేతికొస్తే కట్టె పట్టుకుని నడిచే ముసలిదాన్ని దాంతో ఏం చేసుకోవాలి?

నాయన మాట నాయనది. "ఈ నేల సచ్చిపోయింది మేయ్. ఏసిన ఇత్తనాలు గుడ్క తిరిగి రాని నేల. సచ్చినదాన్ని అద్దాల వానికిస్తే తప్పేముండాది?"

చావలేదు, ఆకలితో ఉంది అని నేను. ఏటా వేరుశనగను వేళ్లతో సహా పీకేస్తాం. కాయ మార్కెట్టుకు, కాయ కోసుకున్నాక మిగిలే ఎండుచెట్టు, అదే కట్టె, ఆవుకు. కంది కట్టె పొయ్యిలోకి. ఇంకేమైనా మిగిలితే కుప్పవేసి కాల్చేస్తాం. నేల ఇచ్చినదాంట్లో గుప్పెడు కూడా నేలకు తిరిగి పెట్టిన పాపాన పోలేదు మా వంశంలో ఎవ్వరూ.

నాకు ఈ పిచ్చి ఎక్కించింది జయంతి మేడం. ప్రకృతి వ్యవసాయం నేర్పుతూ ఊరూరూ తిరిగే ఉద్యోగం ఆమెది. గార్లదిన్నెలో రెండు రోజుల శిక్షణకు పోయినప్పుడు ఆమె పిడికెడు మట్టి చేతిలో పట్టుకుని, ఇందులో లోకంలోని మనుషులకన్నా ఎక్కువ జీవాలున్నాయని చెప్పింది. మిగతా ఆడవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కోత తర్వాత మిగిలిన కట్టెనూ ఆకునూ మొదట పట్టుకునేవి ఆ కంటికి కనపడని జీవాలేనట. ఎర్రకు పళ్లు లేవు, ఎండుకట్టెను కొరకలేదు. ఆ జీవాలూ బూజూ కలిసి కట్టెను మెత్తబరిచాక ఎర్ర దాన్ని బొక్కలోకి లాక్కుని, మట్టితో కలిపి మింగి, కడుపులో నూరి ఎరువుగా వదులుతుంది. ఆ బొక్కల్లోంచే వాన నీళ్లు లోపలికి దిగుతాయి. మా నాయనకు ముందు పళ్లు నాలుగు లేవు, రొట్టెను పాలలో నానేసి ఇస్తాను. ఎర్రకూ అంతే నాయనా అని చెబితే, "నన్ను ఎర్రతో పోలుస్తావా" అని చెంబు విసిరాడు.

ఆ తర్వాతే పందెం వచ్చింది. "మన చేన్లో ఎర్రను సూసి ఇరవై ఏండ్లయింది. పది సూపియ్యి, ముద్ర ఎయ్యను పో" అన్నాడు. ఎగతాళికే అన్నాడు. అయినా మా నాయన నోట్లోంచి మాట ఊడిపడిందంటే అది రాతి మీద గీత, ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

కార్తీకంలో కాయ పీకాం. కాయ అంతంత మాత్రం, కట్టె కూడా మోకాలు దాటని కట్టె. తుఫాను వాన పడి నేల తడిగా ఉంది. ఇదే అదను, కట్టె మొత్తం చేనిమీద పరుస్తానన్నాను. మా కర్రావు అప్పటికి రెండో నెల చూడి. నాయన గంప కింద పెట్టి నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

"కంటికి కనపడని పురుగులకి మేత ఏస్తావా? కంటి ముందర నిలబడి ఉండే ఆవుకి ఎయ్యవా?"

ఆవు లేకపోతే పేడ లేదు. పేడ, ఆవు పంచితం, బెల్లం, పప్పు పిండి కలిపి పులియబెట్టి చల్లే జీవామృతం లేకపోతే నేలలో ఆ జీవాలు పెరగవు. అవి పెరగాలంటే కట్టె కావాలి. ఆవు బతకాలన్నా అదే కట్టె కావాలి. ఉన్నది ఒక్క పూట కూడు, తినే నోళ్లు రెండు. చివరికి సగం సగం అనుకున్నాం. సగం కొట్టం పక్కన వామి వేశాం, సగం ఒక ఎకరంలో జానెడు మందాన పరిచాను.

పరిచిన మరునాడే నల్లప్ప తన గొర్రెల మందను తోలుకొచ్చాడు. అతని తప్పు కాదు. కోత అయిపోయిన చేను మా దగ్గర ఎవరి గొర్రెలకైనా తెరిచిన తలుపే, అడగాల్సిన పనే లేదు. గొర్రెల్ని తరిమి, ఒక బాన నిండా పేడనీళ్లు కలిపి కట్టె పైపైన చల్లాను. పేడ వాసన తగిలిన మేతకు గొర్రె మూతి పెట్టదు. చీనీ బత్తాయి మొక్కల ఆకులకు మేకలు రాకుండా అందరూ చేసే పనే ఇది. కట్టె మురగడానికి కూడా అది మంచిదే అని మురిసిపోయాను.

ఆ తర్వాత వారం వారం జీవామృతం మోశాను. మాకు బోరు లేదు, నీళ్లు పట్టుకునే ఓబిలేష్ బోరు నుంచి చేనికి రెండు ఫర్లాంగులు. రెండు నెలల్లో నా కుడి భుజం వంగిపోయింది, ఇప్పటికీ సరిగ్గా లేవదు. పుష్యం వచ్చేసరికి చేను నడుమ కట్టె నల్లబడి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది. దాని కింద చెయ్యి పెడితే చల్లగా తగిలింది. మట్టి మీద చిన్న చిన్న ఉండలు కనపడ్డాయి, ఎర్రలు వదిలినవి. తవ్వాను. ఆరు.

ఆరు ఎర్రలను అరచేతిలో పెట్టుకుని ఇంటికి పరిగెత్తాను. నాయన బీడీ వెలిగించుకుంటూ వాటిని చూశాడు. "ఆరు పది కాదు" అని మాత్రం అన్నాడు. వాటిని తిరిగి తీసుకుపోయి నీడలో వదలమన్నాడు, ఎండకు చస్తాయని. ఆ మాట ఎందుకన్నాడో ఆ రోజు నేను ఆలోచించలేదు. నా సంబరంలో నేనున్నాను.

మాఘం మొదలయ్యాక ఎండలు ముదిరాయి. వామి అయిపోయింది. పచ్చి కసువు ఎక్కడా లేదు. కర్రావు పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. ఐదో నెల కడుపు ఒకటి కిందికి వేలాడుతుంటే, మిగతా ఆవంతా తోలు. నాయన పొద్దున్నే దాని ముందు కూర్చుని మెడ కింద గోకేవాడు. చేని మీది కట్టె ఇయ్యమని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే పోట్లాడేదాన్ని. అడగలేదు కాబట్టి రోజూ నాలో నేనే పోట్లాడుకున్నాను.

ఆ రోజుల్లోనే చేనులో ఒక గోరింక చచ్చి పడి ఉండటం చూశాను. ఎండదెబ్బ అనుకుని గట్టు అవతలికి విసిరేశాను.

శివరాత్రికి ఐదు రోజులు ఉందనగా నాయన తెల్లవారగానే గుత్తి వైపు బయలుదేరాడు, కాలువ కింద ఎవరిదగ్గరైనా నాలుగు మోపులు వరిగడ్డి దొరుకుతుందేమోనని. ఆయన వెళ్లిన కాసేపటికి కర్రావు ముందు కాళ్లు మడిచి కూలబడింది. తోక మెలిపెట్టినా లేవలేదు. నన్ను చూసి అరవను కూడా అరవలేదు, ఊరికే చూసింది. నేను తట్టుకోలేకపోయాను. పందెం పోతే పోనీ అనుకున్నాను. అద్దాలు పరుచుకుంటే పరుచుకోనీ అనుకున్నాను.

గంప తీసుకుని చేనికి పరిగెత్తాను. నడుమ కట్టె మురిగిపోయింది, అది మేతకు పనికిరాదు. గట్టు వారన నేల పొడిగా ఉండి కట్టె ఇంకా కట్టెలాగే ఉంది. పైపొరకు పేడ అంటింది, దాన్ని ఆవు తినదని పక్కకు తోసి, అడుగున ఉన్న శుభ్రమైన కట్టెను రెండు చేతులా లాగి గంప నింపాను. ఇసుకలాగా ఏదో రాలితే దులిపాను. ఇంటికి తెచ్చి తొట్టిలో వేస్తే కర్రావు మూతి చాచి, కళ్లు మూసుకుని నమిలింది. నేను దాని పక్కనే కూర్చుని తలకాయ నిమిరాను. ఆ అరగంట నాకు సుఖంగా ఉంది. అబద్ధం ఎందుకు, చాలా సుఖంగా ఉంది.

గంట తర్వాత దాని నోట్లోంచి తీగలు తీగలుగా చొంగ కారడం మొదలైంది. తొడల మీది తోలు అదిరింది. కడుపు ఉబ్బింది. పశువుల ఆసుపత్రిలో పనిచేసే పీరాసాబ్‌కు ఫోన్ చేస్తే బండి మీద పరుగున వచ్చాడు. మా ఊళ్లో సగం గొడ్లు అతని చేతి మీదే పుట్టాయి.

కంటి రెప్ప ఎత్తి చూసి అడిగాడు. "మందు కొట్టిన మేత ఏమన్నా పెట్టినావామ్మా?"

"మందా? నా చేన్లోనా?" నాకు కోపం తన్నుకొచ్చింది. "పీరాసాబన్నా, మూడేండ్ల నుంచి నా చేన్లో మందు సుక్క పడలేదు. ఊరంతా అడుగు. నా చేతుల్తో పరిచిన కట్టె, నా చేతుల్తో తెచ్చినా."

"నిజమే చెప్పు తల్లీ. మందు తిన్నదైతే దానికి సూది వేరే ఉంటాది. ఈడ నా దగ్గర ల్యాదు, ఆసుపత్రికి పోయి తేవాల."

"మందు ల్యాదు అంటాంటే నీకు అర్థం కాదా?"

అతను నా మాట నమ్మాడు. మాడిన కడుపులో ఒక్కసారిగా ఎండుకట్టె పడి ఉబ్బిందనుకుని నూనె పట్టించాడు, డొక్కలు మర్దన చేశాడు. ముక్కాలు గంట అలా పోయింది. ఆ ముక్కాలు గంట నాది. నా పొగరుది. దానికి ఇంకెవరి మీదా నెపం వెయ్యను.

ఆటో ఆగిన చప్పుడు వినపడింది. నాయన మూడు మోపులు వరిగడ్డి దించుతూ, "దొరికింది మేయ్, దొరికింది" అని అరుస్తూ వచ్చాడు. కొట్టం వాకిట్లో నిలబడిపోయాడు. ఆవును చూశాడు, తొట్టి చూశాడు. తొట్టిలో మిగిలిన కట్టెను చేతిలోకి తీసుకున్నాడు.

"ఇది యాడిది?"

"చేన్లోదే నాయనా. గట్టు వారన తీసుకొచ్చినా. ఆవు పడిపోయింటే ఓర్సుకోలేక..."

నాయన అలాగే నేలమీద కూలబడ్డాడు. నెత్తి మీద రెండు చేతులూ వేసుకున్నాడు.

"గుళికలు ఏసినా మా. నేనే ఏసినా."

నాకు అర్థం కాలేదు. పీరాసాబ్‌కు అయింది. "యా గుళికలు? ఎప్పుడు?" అంటూనే అతను బండి ఎక్కాడు. జవాబు విని, విరుగుడు సూది అట్రోపిన్ తెస్తానని దుమ్ము లేపుకుంటూ పోయాడు.

నాయన నావైపు చూడకుండా నేలకు చెప్పుకున్నట్టు చెప్పాడు. పుష్యం నుంచి ఆయన రోజూ నాకు తెలియకుండా చేను తవ్వి చూస్తున్నాడట. నేను ఓబిలేష్ బోరు దగ్గరికి పోయిన సమయం చూసి ఒక మూల తవ్వి, లెక్కపెట్టి, మళ్లీ పూడ్చేవాడట.

"ఎనిమిది అయినాయి మా. ఇంక రెండే కదా అనుకుంటి. గట్టు పక్కనుంచి చెదలు పట్టినాయి కట్టెకి. తెల్లగా పాకుతాండాయి. కట్టెంతా చెదలే తినేస్తే ఎర్రలకి ఏముంటాది? నువ్వు యాడ ఓడిపోతావో అని... వేరుపురుగుకి ముందెప్పుడో తెచ్చిన గుళికల మందు అటకమీద ఉండె. గట్టు వార, నడుమ, అంతా కట్టె కిందికి ఎత్తి సల్లినా. చెదలకి ఏస్తే చెదలే కదా సచ్చేది అనుకుంటి."

"నాకొక మాట చెప్పకపోతివే నాయనా."

"చెప్తే మందు వద్దంటావు కదా."

ఎన్నేళ్లుగానో మేమిద్దరం ఒకరి పద్ధతిని ఒకరం ఈసడించుకుంటూ బతికాం. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆయన నా ఎర్రల కోసం తన పని చేశాడు, నేను ఆయన ఆవు కోసం నా కట్టె ఇచ్చాను. ఆ ఒక్కసారికే ఇంత జరిగింది.

పీరాసాబ్ సూది పట్టుకుని వచ్చేసరికి కర్రావు కాళ్లు బిగుసుకుపోతున్నాయి. అయినా పొడిచాడు. ఊపిరి రెండుసార్లు గురకలా వచ్చి ఆగిపోయింది. లోపల దూడ కాసేపు కదిలింది. అది నేను చూశాను, నాయన చూశాడు, పీరాసాబ్ మొహం తిప్పుకున్నాడు. ఎవరమూ ఏమీ చెయ్యలేకపోయాం.

"తోలు తియ్యనీవద్దు. కుక్కలకి గుడ్క వదలొద్దు. లోతుగా పాతిపెట్టండి" అని చెప్పి పీరాసాబ్ చేతులు కడుక్కున్నాడు. మందు లేదని నేను అరిచిన సంగతి ఎత్తకుండానే బండి ఎక్కాడు. ఆ మంచితనం తిట్టుకన్నా ఎక్కువ కాల్చింది నన్ను.

చేనులో ఉత్తరం మూల గుంత తవ్వాం. మధ్యాహ్నం దాటాక నాయన ఎకరం నడుమకు పోయి, నల్లబడ్డ కట్టెను కాలితో తొలగించాడు. నేనూ పోయాను. ఎర్రలు మట్టి పైకి వచ్చేసి ఉన్నాయి. కొన్ని ఎండి తాళ్లలాగా ఉన్నాయి, కొన్ని తెల్లగా ఉబ్బి ఉన్నాయి, ఒకటి మాత్రం ఇంకా మెలికలు తిరుగుతోంది. నాలుగు రోజుల కింద నేనే జీవామృతం పోశాను వాటి మీద. గుళికలు కరిగి లోపలికి దిగింది ఆ తడితోనే. బలం వస్తుందని పోసిన నీళ్లతోనే విషం తాగించాను.

నాయన పార తీసుకుని అడుగు పొడవు, అడుగు వెడల్పు గీత గీశాడు. తవ్విన మట్టిని తుండుగుడ్డ మీద పోసి వేళ్లతో కెలికాడు. ఒక్కొక్కటే ఏరి గట్టు రాయి మీద వరసగా పెట్టాడు. నేను ఆపమన్నాను. ఆపలేదు.

"పద్నాలుగు ఉండాయి" అన్నాడు చివరికి. "పది అంటి. పద్నాలుగు ఉండాయి. గెలిచినావు మా."

నేను ఆయన భుజం మీద తల పెట్టి గట్టిగా ఏడ్చాను. చుట్టుపక్కల చేలల్లో వినేవాళ్లు ఎవరూ లేరు, అద్దాలే.

శివరాత్రి మరునాడు విజయభాస్కర్ వచ్చాడు. మా మండలంలో అద్దాల కంపెనీకి భూములు కుదిర్చేది అతనే. కాగితాలు మంచం మీద పరిచి, సిరా డబ్బా మూత తీసి, "పెద్దాయనా, ముద్ర ఎయ్యి" అన్నాడు. ఆవు లేదు. వామి లేదు. చేను విషం తాగి ఉంది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నేనే ఆయన వేలు పట్టుకుని సిరాలో ముంచాలనుకున్నాను.

నాయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఎయ్యను. నా కూతురుతో పందెం కాసింటి. ఓడిపోతి."

"అదేం పందెం పెద్దాయనా?"

"నీకెందుకప్పా. ఓడిపోతి అంటే ఓడిపోతి."

అతను పోయాక నేను మెల్లగా అన్నాను. "నాయనా, పందెం నువ్వు పాటించనక్కరలేదు. అవి సచ్చిన ఎర్రలు."

"సంపింది నేను" అన్నాడు. "బతికించి పెట్టింటివి నువ్వు. లెక్క అదే."

ఇది జరిగి నాలుగు నెలలు. జయంతి మేడం వచ్చి చూసి, నేల మళ్లీ లేస్తుంది గానీ ఎప్పుడో చెప్పలేనని వెళ్లిపోయింది. నాయన పొద్దున్నే గంప పట్టుకుని నల్లప్ప మంద వెనకాల నడుస్తాడు, గొర్రె పెంటికలు ఏరుకొస్తాడు. డెబ్బై ఏళ్ల మనిషి. ఊరు నవ్వుతుంది. మొన్న రెండు వానలు పడ్డాయి, తడి బాగానే దిగింది. ఆ రోజు నుంచి చేనికి పోయినప్పుడల్లా తవ్వుతాడు.

"వచ్చినాయా నాయనా?" అని అడుగుతాను.

"ల్యాదు మా" అంటాడు.

నిన్న పొద్దున నేను పోయేసరికి ఉత్తరం మూల ఆవును పాతిన చోట కూర్చుని ఉన్నాడు. పార గట్టు మీద ఉంది. వట్టి చేతులతో మట్టి గీకి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని వెతుకుతున్నాడు. నేను అడగలేదు. వచ్చిన దోవనే ఇంటికి తిరిగి వచ్చేశాను.